ఎలుక కంపు కొట్టే కలబంద

2006లో నన్ను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని ఒక ప్రభుత్వ నర్సరీకి ఉద్యానాధికారిగా బదిలీ చేశారు. కలబంద జాతులన్నీ ఒకచోట పెంచే తోట వేయించడం నాకు అప్పగించిన పని. మన డెల్టా నల్లమట్టిలో కలబంద వానాకాలం గట్టెక్కదు, వేరు కుళ్ళిపోతుంది. అందుకని ఇటుకలతో ఎత్తుగా మళ్ళు కట్టించి, ఇసుకా పెంకుముక్కలూ కలిపి నింపించాను. చారల కలబంద, మానులా ఎదిగేది, అరచేతిలో పట్టేంత గుబురుగా ఉండేది, ఒక్కొక్కటే కుదురుకున్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు మాత్రం "ఇవన్నీ కలబందేనాండీ?" అని అదే ప్రశ్న. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది.

కొత్తగా వచ్చిన మొక్కను తిన్నగా మడిలో పెట్టం. తెగుళ్ళేమైనా ఉంటే బయటపడేదాకా విడిగా ఒక బల్ల మీద ఉంచుతాం. దాన్ని క్వారంటైన్ అంటాం. ఆ ఏడు బెంగళూరు నుంచి మార్పిడి మీద వచ్చిన తూర్పు ఆఫ్రికా జాతి ఒకటి ఆ బల్ల మీద ఉండేది. పిలకలు అచ్చం మన ఇళ్ళల్లో కలబందలాగే ఉంటాయి. ఆకు విరిస్తే ఎలుక కంపు. పసరు కడుపులోకి పోతే ముందు కాళ్ళు పడిపోతాయి, ఆ తర్వాత ఊపిరి. దాంతో అక్కడివాళ్ళు హైనాలను చంపుతారని చదివాను. కుండీకి ఎర్ర చీటీ కట్టించి, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని మాలీ సత్తియ్యకు గట్టిగా చెప్పాను.

ఒకరోజు భోజనం చేసి తోట చూడబోతే ఆ కుండీలో తల్లిమొక్క ఒక్కటే ఉంది. పక్కన పిలకలు లేవు.

సత్తియ్యను పిలిచాను. పొద్దున నీళ్ళ పంపు బాగుచేయడానికి పెదపాడు నుంచి బాషా అనే మెకానిక్ వచ్చాడు. భార్యకు కడుపులో మంటగా ఉంటోందని, ఎవరో కలబంద గుజ్జు తాగమన్నారని, ఒక పిలక కావాలని అడిగాడట.

"అడిగి తెచ్చుకున్న మొక్క బతకదంటారు కదండీ. అందుకని మడి ఎటుందో చూపించి, నేను అటు తిరిగి నించున్నానండీ," అన్నాడు సత్తియ్య.

మా వైపు ఇదో మర్యాద. ఇచ్చేవాడు చూడనట్టుండాలి, పట్టుకెళ్ళేవాడు దొంగిలించినట్టుండాలి. బాషా మర్యాదగానే దొంగిలించాడు. కాకపోతే మడి దాకా వెళ్ళకుండా, దారిలో బల్ల మీద దిట్టంగా కనిపించినవి లాక్కుపోయాడు. చీటీ కట్టింది అవతలి పక్కన.

అతని సెల్‌కు చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తరు. తల్లిమొక్క ఆకొకటి కోసి సంచిలో వేసుకుని, సత్తియ్యను వెంటబెట్టుకుని జీపెక్కాను. రోడ్డంతా చేపల లారీలు. ఒకదాన్ని దాటితే ఇంకొకటి, ఐసు నీళ్ళు కార్చుకుంటూ. సత్తియ్య "ఏం కాదండీ, ఏం కాదండీ" అని జపం మొదలెట్టాడు. కాసేపు నోరు మూసుకోమన్నాను. అతను ఊరుకుంటే ఇంకా భయమేసింది.

పెదపాడులో ఇల్లు పట్టుకునేసరికి బాషా భార్య షబానా అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గ్లాసు.

"వాసనొస్తోందని తాగనంటే నిమ్మకాయ పిండి ఇచ్చానండీ. అయినా సగం పారబోసింది," అన్నాడు బాషా.

"ఒకసారి నించో అమ్మా," అన్నాను. లేవబోయింది. మోకాళ్ళు నిలవలేదు, మళ్ళీ కూలబడింది.

"ఇందాకట్నుంచీ కూర్చున్నాను కదండీ, తిమ్మిరెక్కినట్టున్నాయి," అని నవ్వింది. డ్రైవరుతో కలిపి నలుగురం ఎత్తి జీపులో పడుకోబెట్టాం.

ఏలూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు మొక్క పేరు కాగితం మీద రాసిచ్చి, ఆకు చూపించి, ఇది కాళ్ళ నుంచి పైకి పాకుతుందని చెప్పాను. దీనికి విరుగుడు లేదు. విషం దిగేదాకా మనిషికి ఊపిరి మనం అందించాలి, అంతే. గొంతులో గొట్టం వేసే వేళకు షబానా చెయ్యి కూడా ఎత్తలేకపోతోంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, అన్నీ తెలుస్తున్నాయి. వరండాలో బాషా నా దగ్గరికొచ్చి, "కలబంద ఎవరికైనా చెడు చేస్తుందా అండీ?" అని అడిగాడు. అతని మీద కోపమూ జాలీ రెండూ కలిగాయి.

మర్నాడు ముందు కాలి వేళ్ళు కదిలాయి. ఆ తర్వాత తనంతట తాను ఊపిరి తీసుకుంది. సత్తియ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, జీపు చాటుకు వెళ్ళి.

ఆ డాక్టరును కలిసి దండం పెట్టాను. ఆయన వద్దన్నారు. "మీరు రాకుండా వీళ్ళే వచ్చి, కలబంద రసం తాగింది, కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయని చెప్పుంటే, నీరసమనుకుని బిళ్ళలు రాసి ఇంటికి పంపేసేవాణ్ణండీ," అన్నారు.

అప్పటిదాకా మొక్కల పేర్లు రికార్డు కోసమనే అనుకునేదాన్ని. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిలక ఎవరడిగినా నేనే తవ్వాను. దాని పేరు వాళ్ళ నోటితో రెండుసార్లు చెప్పించి గానీ చేతికివ్వలేదు. చాదస్తమని నవ్వినవాళ్ళను నవ్వనిచ్చాను.