మట్టిమామ రెండు వైపులు

కార్ల డిజైన్ స్టూడియోలో కొత్త బండి ముందు మట్టిలోనే పుడుతుంది. ఆ మట్టిని చెక్కేవాణ్ణి అక్కడందరూ మట్టిమామ అంటారు. కిటికీ అన్నది లేని హాలు అది. ఫోను గుమ్మం దగ్గరే అప్పజెప్పాలి, లోపల చూసింది బయట చెప్పనని సంతకం పెట్టాలి. అందులోనే అతని జుట్టు నెరిసింది. బొటనవేలు మట్టి మీద జారిందంటే వెంట్రుక మందం మిట్ట కూడా తెలిసిపోతుంది.

పోయినేడు ఎగ్జిబిషన్లో పెట్టిన నమూనా కారుకు జనం విరగబడ్డారు. హెడ్‌లైటు దగ్గర మొదలై, తలుపుల మీద కత్తితో కోసినట్టు లోతుగా దిగి, వెనక్కి తేలిపోయే గీత ఒకటుంది దానికి. అది మట్టిమామ గీత. పేపర్లో ఫొటో చూపిస్తే భార్య కళ్లజోడు సర్దుకుంది.

"ఇలాంటి ముచ్చట్లు చాలా చూశాలే. రోడ్డు మీద ఒక్క బండి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా మా ఆయన పనిమంతుడని."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. అతని గీత ఇంతవరకూ ఒక్కటీ రోడ్డెక్కలేదు. నమూనా కారు నిలబడి చూపించుకుంటే చాలు. అమ్మే బండి వానలో తడవాలి, గోతుల్లో పడాలి, ముసలాళ్లను మొయ్యాలి.

ఆ నమూనాను ఇప్పుడు ఖరీదైన ఎస్‌యూవీగా మారుస్తున్నారు. వెనక కూర్చునేవాళ్ల తలల కోసం కప్పు లేచింది. చక్రాలు చిక్కి చిన్నవయ్యాయి. పక్క అద్దాలు చెవుల్లా మొలిచాయి. గీత ఒక్కటే మిగిలింది. దాని దగ్గరికీ వచ్చింది ఇంజనీరమ్మ.

"మామా, ఇది మరీ లోతు. కిటికీ అద్దం దిగడానికి తలుపులో చోటేదీ?"

"సగమే దించుకోమనమ్మా. ఊపిరాడక చస్తారా?"

"ఇంత పోసి కొన్నవాడు సగం అద్దంతో సర్దుకుంటాడా? నువ్వైతే సర్దుకుంటావా?"

మట్టిమామ ఇన్నేళ్లూ కిటికీ లేని హాల్లోనే సర్దుకున్నాడు.

తలుపు మందం పెంచితే అద్దమూ దిగుతుంది, గీతా బతుకుతుందని బండి బొమ్మ గీసిన డిజైనర్ పట్టుబట్టాడు. ఖర్చవుతుందంది ఇంజనీరమ్మ. ఇలాంటి పేచీ వస్తే అక్కడ ఒకటే పద్ధతి: ఒకే మట్టి బండికి ఎడమవైపు ఒకటి, కుడివైపు మరొకటి చెక్కుతారు. స్టూడియో పెద్దసారు చుట్టూ తిరిగి ఏదో ఒక వైపు తేలుస్తాడు. ఎడమన లోతు గీత, కుడిన దాన్ని చదును చేసిన గీత. రెండూ చెక్కాల్సింది మట్టిమామే.

ఎడమవైపు ప్రాణం పెట్టాడు. కుడివైపు కాస్త పేలవంగా వదిలేస్తే చాలు, తన గీత గట్టెక్కుతుంది. ఎవరూ కనిపెట్టలేరు. అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాడు. సగంలోనే లేచి తిరిగొచ్చి ఊరికే బొటనవేలు ఆనించాడు. ఒకచోట తట్టింది. అక్కడొక్కచోటే గీకుదామనుకున్నాడు. అది సరిచేస్తే పక్కది తప్పుగా తోచింది. పక్కది సరిచేస్తే దాని పక్కది. తలెత్తేసరికి లోతు లేకుండానే వెలుతురు ఆ తలుపు మీద నూనెలా జారుతోంది.

మర్నాడు పెద్దసారు ఎడమవైపు తలూపుతూ నడిచాడు. కుడివైపుకొచ్చి ఆగిపోయాడు.

"ఇదే. ఇంకో మాట లేదు."

"మామా, నీ చెయ్యి బంగారం!" అంది ఇంజనీరమ్మ.

"బంగారమేనమ్మా. అందుకే ఎలా వంచితే అలా వంగుతోంది" అని మట్టిమామ గీకుడుబద్ద తీసుకుని ఎడమవైపుకు నడిచాడు.

ఇంటికొచ్చి గోళ్లలో మట్టి తీసుకుంటుంటే భార్య తువ్వాలు తెచ్చిచ్చింది.

"ఏమంటోంది నీ బండి? రోడ్డెక్కుతుందా, లేదా?"

"ఎక్కుతుంది."

"మరి మొహం అలా పెట్టావేం?"

"కుడివైపు బాగా కుదిరింది."

"రెండో వైపు?"

అతను చేతులు తుడుచుకున్నాడు.

"అదీ కుడివైపులాగే చేసి వచ్చాను."