మా ఇంట్లో టేకు లేదు

మా ఊళ్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు ఒక మాట నేర్పేవారు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా టేకు లేదని చెప్పాలి. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఇళ్లు దాటితే చేలు, చేల చివర ఫారెస్టు వాళ్లు పాతిన గుర్తు రాళ్లు, రాళ్ల అవతల సర్కారు అడవి. రాయికి ఇవతలి చెట్టు మనది, అవతలిది వాళ్లది. కాగితాల మీద అంతే. జీపులో వచ్చేవాళ్లు మాత్రం మా ఇళ్లలో ఉన్న చెక్కంతా రాయికి అవతలిదే అన్నట్టు చూసేవారు. అందుకే జీపు చప్పుడు వినగానే ఆడవాళ్లు తలుపులు దగ్గరికేసి, మొగవాళ్లు ఊళ్లో లేరని, టేకు అసలే లేదని చెప్పి పంపేవారు. దొంగ సొత్తు ఉన్నవాళ్లూ అదే చెప్పేవారు, లేనివాళ్లూ అదే చెప్పేవారు.

మా ఇంటికి ఈ పాఠం ఇంకా ఎక్కువ అవసరం. నాన్న వడ్రంగి. క్రైస్తవ మిషన్ వాళ్ల షెడ్డులో పని నేర్చుకుని చుట్టుపక్కల ఊళ్లకు దర్వాజలు, చర్చీలకు బల్లలు, మా సంఘంలో ఎవరైనా పోతే పెట్టెలు చేసేవాడు. వాకిట్లో ఎవరిదో ఒకరి చెక్క ఎప్పుడూ ఉండేది. నాకు ఆరేళ్లప్పుడు ఒక గార్డు నా చేతిలో చాక్లెట్ పెట్టి, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాడట. నేను చాక్లెట్ నోట్లో వేసుకుని "మా ఇంట్ల టేకు లేదు" అన్నానట. నాన్న ఈ సంగతి ఊరంతా చెప్పుకుని ఏళ్ల తరబడి మురిసిపోయాడు.

అంతమందికి తలుపులు చేసిన మనిషి ఇంటికి తలుపు లేదు. మట్టి గోడలు తీసేసి ఇటుక గోడలు లేపుకున్నాం గాని, దర్వాజ ఉండాల్సిన చోట ఒక రేకు నిలబెట్టి తీగతో కట్టాం. గాలి వస్తే అది టపటపా కొట్టుకునేది. అమ్మ దెప్పినప్పుడల్లా నాన్న "మనయి ముదురుతున్నయి, ఆగు" అనేవాడు. మనవి అంటే చేని గట్టు మీది టేకు చెట్లు. పెళ్లికి ముందు తన చేత్తో నాటినవి, ఏడు. చేయబోయే తలుపు బొమ్మను గోడ మీద పెన్సిలుతో గీసి పెట్టుకున్నాడు. సున్నం వేసినప్పుడల్లా ఆ బొమ్మ మేర మాత్రం వదిలేయమనేవాడు.

నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న ఏడాది ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర, తర్వాత చొక్కా గుండీ దగ్గర. ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరు గోళీలు రాసి, ఇవి దాన్ని నెమ్మది చేస్తాయే గాని ఆపవని చెప్పాడు. "ఉలి పట్టుడు ఎన్నాళ్లయితది సార్?" అని నాన్న అడిగాడు. ఒక ఏడాది గట్టిగా పట్టొచ్చు, ఆ తర్వాత చెప్పలేనన్నాడాయన.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న తల్లాడ దాటాక అన్నాడు, "జల్దీ ఆ చెట్లు కొట్టియ్యాలె బిడ్డా. ఊరందరి దర్వాజలు చేసిన. మనది ఇంకోడు చేస్తే నేను ఆ గడప దాటలేను."

సొంత చేలో సొంతంగా నాటిన టేకు కొట్టుకోవడానికి కూడా పర్మిట్ కావాలి. ముందు ఎమ్మార్వో ఆఫీసులో పాసుబుక్కు, పహాణీ చూపించి, చెట్లు అడవి రాయికి ఇవతలే ఉన్నాయని సర్వేయరు చేత నక్షా గీయించాలి. ఆ కాగితాలతో ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టాలి. వాళ్లు వచ్చి చెట్లు చూసి, కొలిచి, ఒప్పుకోవాలి. కొట్టాక ప్రతి దుంగ మీద వాళ్ల సుత్తి ముద్ర పడాలి. అప్పుడు గాని దుంగ ఇల్లు చేరకూడదు.

అర్జీలు రాయడం, తిరగడం నా పని. నేను ఎవర్నీ నమ్మలేదు. పాసుబుక్కును ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంకలోంచి తీయకుండా, జిరాక్సులు మాత్రం ఇచ్చేదాన్ని. ఒరిజినల్ చూపించమంటే ఒక అంచు నేను పట్టుకునే చూపించేదాన్ని. సర్వేయరు టేపు లాగుతుంటే రెండో కొస దగ్గరకు పోయి నిలబడ్డాను.

"ఏందమ్మా, నా టేపు మీద గూడ అనుమానమేనా?" అన్నాడు.

"టేపు మీద కాదు సార్" అన్నాను. ఆయన నవ్వాడు గాని నేను నవ్వలేదు.

అందరికంటే ఎక్కువ అనుమానం పక్క చేని రైతు మీద. ఆయన కోస్తా నుంచి వచ్చి ఆ భూమి కొనుక్కుని మిరప వేసేవాడు. ఒకసారి గట్టు మీద నిలబడి "మీ టేకు నీడకి నా రెండు సాళ్లు ఎదగట్లేదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట నేను మనసులో పెట్టుకున్నాను. అడ్డం పడితే ఈయనే పడతాడని ఖాయం చేసుకున్నాను.

అర్జీ తీసుకున్న ఫారెస్టు క్లర్కు, "టీము వచ్చి చూస్తది. ఇంటి కాడ ఉండుర్రి" అన్నాడు.

"ఎప్పుడొస్తరు సార్?"

"వచ్చినప్పుడు."

టీము అంటే నా లెక్కలో జీపు. జీపులో ఖాకీ బట్టల ఆఫీసరు, టేపు పట్టుకునే ఇద్దరు మనుషులు. రోజూ రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మోపెడ్ మీద ఒకాయన వచ్చాడు. గీతల చొక్కా, తలకు తువ్వాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. నాన్న బూర్గంపాడులో చర్చి బల్లల పనికి పోయాడు, అమ్మ మిరప ఏరడానికి పోయింది. అంతకు ముందే ఆయన పక్క చేని రైతుతో గట్టు మీద చాలాసేపు మాట్లాడడం నేను చూశాను. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, మాటల్లో మాటగా అడిగాడు.

"గా గట్టు మీది టేకు మీదేనా అమ్మా?"

"మాకు టేకు లేదు."

"మరి గవెవరియి?"

"మాయి కావు. ఎవరియో తెల్వదు."

"మీ నాయిన ఉన్నడా?"

"ఊరికి పోయిండు. ఎప్పుడొస్తడో తెల్వదు."

"నువ్వేమైతవ్?"

"బిడ్డను."

ఆయన నన్ను ఒకసారి తేరిపార చూసి, గ్లాసు అరుగు మీద బోర్లించి వెళ్లిపోయాడు. శనివారం నాన్న రాగానే, పక్క చేనాయన మన మీదికి ఎవణ్ణో ఆరా తీయడానికి పంపాడని చెప్పాను.

"నువ్వేమన్నవ్?"

"మనకు టేకే లేదన్న."

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అని భుజం తట్టాడు. చాక్లెట్ సంగతి అమ్మకు మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

జీపు రాలేదు. నెలకోసారి ఆఫీసుకు పోతే క్లర్కు తలెత్తకుండా "ఫైలు పైకి పోయింది" అనేవాడు. ఎంత పైకి సార్ అంటే, పైకే అమ్మా అనేవాడు. నా మొహం చూడడానికి ఎందుకో ఇబ్బంది పడేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే చూడలేకపోతున్నాడని అనుకున్నాను. చెయ్యి తడిపితే పనవుతుందేమో అంది అమ్మ. నాన్న ఒప్పుకోలేదు. పక్క చేని రైతు కనపడినప్పుడల్లా "ఏమ్మా, పర్మిట్ వచ్చిందా?" అని అడిగేవాడు. తను పెట్టిన పుల్ల ఎంతవరకు పనిచేసిందో కనుక్కుంటున్నాడని నాకు ఒళ్లు మండేది. చివరికి ఆయనతో మాట్లాడడం మానేశాను.

నాన్న ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఉలులు నూరి వరసగా పెట్టేవాడు. వానాకాలం నాటికి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. చలికాలంలో ఉలి జారి ఎడమ చేతి బొటనవేలు తెగింది. తర్వాత ఎవరో ఉయ్యాల చేయమని ఇచ్చిన చెక్కను "ఇంకోణ్ణి చూసుకోర్రి" అని తిప్పి పంపేశాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. నేను క్లర్కును, పక్క చేనాయనను, ఆ మోపెడ్ మనిషిని కలిపి తిట్టుకుంటూ పడుకున్నాను.

సమాచార హక్కు చట్టం అప్పుడు కొత్త. ఏ ఆఫీసులో ఫైలు ఎందుకు ఆగిందో కాగితం మీద అడగొచ్చని మా కాలేజీ లెక్చరర్ ఒకాయన చెప్పాడు. నాకు పండగ వచ్చినంత పనైంది. అడ్డం పడింది ఎవరు, ఏమని రాశారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అడుగుతూ అర్జీ పెట్టాను. దొంగ ఈసారి దొరికాడనుకున్నాను.

కొన్ని వారాలకు రిజిస్టర్ పోస్టులో కవరు వచ్చింది. వాకిట్లో నిలబడే చించాను. మొదటి కాగితం పక్క చేని రైతు ఇచ్చిన వాంగ్మూలం. గట్టు మీది ఏడు టేకు చెట్లు మా నాన్నవేనని, ఆయన నాటడం ఊరంతా ఎరుగుదురని, కొట్టుకుంటే తనకు ఏ అభ్యంతరమూ లేదని రాసి, కింద సంతకం. రెండో కాగితం విచారణకు వచ్చిన సెక్షన్ ఆఫీసరు రాసింది.

"అర్జీదారు ఇంటి వద్ద లేరు. వారి కుమార్తెను విచారించగా, తమకు టేకు చెట్లు లేవని, గట్టుపై ఉన్నవి తమవి కావని, ఎవరివో తెలియదని తెలిపినది. కావున చెట్లపై హక్కు తేలే వరకు ఫైలు నిలిపివేయడమైనది."

ఆ మాటలు మళ్లీ చదివాను. అంత సిగ్గు నేను అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

లోపల్నుంచి నాన్న అడిగాడు, "ఎవరంట బిడ్డా అడ్డం పడ్డది?"

"ఎవరూ కాదు నాయినా. నువ్వు ఇంట్ల లేవని ఆపిన్రంట."

"గంతేనా?"

"అవ్. గంతే."

నేను ఆ కాగితాన్ని మడిచి నా పెట్టెలో సర్టిఫికెట్ల అడుగున పెట్టాను.

మర్నాడు ఆఫీసులో క్లర్కు మొదటిసారి తలెత్తి మాట్లాడాడు. "తండ్రి ఉన్నయంటడు, బిడ్డ లేవంటది. ఇంట్ల ఏమన్న పంచాయితీ ఉన్నదేమో, నడిమిట్ల మనమెందుకని ఊకున్నమమ్మా. మీతోని ఎట్ల అనాలె?" ఏడాది పాటు నేను దొంగచూపు అనుకున్నది ఆయన మొహమాటం. చెప్పి ఉంటే ఏం పోయేదని కోపమూ వచ్చింది. కానీ ఆ కోపం పెట్టుకోవడానికి నాకు మొహం లేదు.

మళ్లీ వాంగ్మూలం రాసి ఇచ్చాను. మోపెడ్ మీద ఆయనే వచ్చాడు, ఈసారి టేపుతో. "ఇప్పుడు మీవేనా అమ్మా?" అన్నాడు. తల దించుకుని అవ్ సార్ అన్నాను. పర్మిట్ వచ్చింది, చెట్లు పడ్డాయి, ముద్రలు పడ్డాయి. చెట్లు కొట్టిన రోజు పెట్టె తీస్తే ఆ కాగితం సర్టిఫికెట్ల పైన ఉంది. అమ్మ సర్దిందేమో అనుకున్నాను. అమ్మకు చదువు రాదని ఊపిరి పీల్చుకున్నాను.

చెక్క ఆరి కోతకు వచ్చే నాటికి నాన్న చెయ్యి ఆయన మాట వినడం పూర్తిగా మానేసింది. మధిర నుంచి వడ్రంగిని పిలిపించాం. నాన్న కుర్చీ వేసుకుని కొలతలు చెప్పేవాడు. ఒకరోజు ఆ మనిషి టీకి పోయినప్పుడు లేచి, ఉలి తీసుకుని చెక్క మీద ఆనించాడు. అది గీత మీద నిలబడలేదు. రెండుసార్లు చూసి ఉలిని ఎక్కడిదక్కడ పెట్టేసి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చూశాను. ఆ చేతికి మిగిలి ఉన్న ఒక్క ఏడాదిని పోగొట్టింది నేనే. డాక్టరు కాదు, ఆఫీసు కాదు.

పక్క చేని రైతుకు క్షమాపణ చెప్పే ధైర్యం రాలేదు. క్రిస్మస్‌కు అరిసెలు పట్టుకెళ్లి ఇచ్చాను. "నా మీద కోపం పోయిందా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

తలుపు నిలబెట్టాక నాన్న బస్సులో అన్న మాట తప్పలేదు. వారం రోజులు దొడ్డి వైపు నుంచే ఇంట్లోకి వచ్చి పోయాడు. అమ్మ బతిమాలినా వినలేదు.

ఆ వారంలోనే కొత్తగా వచ్చిన బీటు గార్డు ఒకతను మా వాకిట్లో సైకిలు ఆపాడు. కొత్త తలుపు మీద చెయ్యేసి నిమిరాడు.

"ఏం కట్టెమ్మా ఇది? టేకా?"

నేను గడప బయట నిలబడి ఉన్నాను. పర్మిట్ లోపలి గూట్లో ఉంది, దుంగలకు ముద్ర పడింది, అన్నీ ఉన్నాయి. అయినా ఆరేళ్ల వయసప్పటి మాటే నా నాలుక చివరకు వచ్చి ఆగింది. గార్డు నా మొహంలోకి అనుమానంగా చూశాడు.

వెనక చప్పుడైంది. నాన్న లోపల్నుంచి నెమ్మదిగా వచ్చి, దర్వాజను ఎడమ చేత్తో పట్టుకుని, ఆ గడప దాటి నా పక్కన నిలబడ్డాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు. "ఈసారి ఉన్నదని చెప్పు."