పైవాడి చప్పుడు

లోకంలో సగం మందిని గంతులేయించిన ఆ దరువు పైవాడిది కాదు, కింద వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారిది. కాదన్నవాడితో పందెం! ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆద్యుడని పేపర్లు నెత్తికెత్తుకున్న పెద్దమనిషి మేడమీద ఉండేవాడు. ఆయన మీటలు నొక్కితే కింద గుండీల డబ్బా గలగలలాడేది. "ఏమిటా మోత?" అని ఎవరైనా అడిగితే, "పైవాడి లీల" అనేది ఆవిడ. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులతోనే లేచి, బూజుకర్రతో కప్పును రెండు పోట్లు పొడిచేది. ఆయన ఆ పోట్లనే రికార్డు చేసి పాటలో కలిపేశాడు. ఊళ్లకు ఊళ్లు ఊగిపోయాయి.

నిన్న ఆయన పోయాడు. ఇవాళ వీధి నిండా పువ్వులూ జనమూ. పైన మాత్రం చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఆవిడ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కాసేపటికి లేచి, బూజుకర్రతో కప్పును మెల్లగా రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి నిలబడింది.

గుమ్మంలో ఉన్న విలేకరి గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, ఆయనకి ఆ తాళం నేర్పింది మీరేనటగా?"

ఆవిడ పెదాల మధ్య నుంచి సూదులు తీసింది.

"తాళమూ లేదు, తప్పెటా లేదు బాబూ. చప్పుడు తగ్గించమన్నాను, అంతే. ఆపెయ్యమనలేదు."