కడబంతిలో మా వార్డెన్ మేడం

మా వార్డెన్ మేడం పోయారని తణుకు నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే పోయారటే, సుఖంగా," అంది. సుఖమేంటి నా మొహం! పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. కళ్ళముందు వంటిల్లు లేదు. ధవళేశ్వరం దాటాక కాలవగట్టున ఉన్న మా ఆడపిల్లల గురుకులం పొగమంచులో సగం మునిగి, సగం తేలుతూ కనిపించింది.

తొంభైల నాటి మాట. అక్కడ వారానికొకరు లీడరు. మార్కులు చూసేవారు కాదు, రోల్ నంబరు ప్రకారం వంతు. గంట కొట్టడం, ప్రేయర్‌కి నిలబెట్టడం, భోజనాల దగ్గర వడ్డన, అన్నీ లీడరు చేతిమీదుగానే. "పెత్తనం మూణ్ణాళ్ళ ముచ్చటే తల్లీ, వారం దాటితే నువ్వూ లైన్లో నిలబడాల్సిందే," అనేవారు మేడం, నవ్వకుండా. మెత్తటి నేతచీర, జడలో కాసిని కనకాంబరాలు. ఎప్పుడొచ్చి మన వెనక నిలబడేవారో తెలిసేది కాదు.

ఎనిమిదో తరగతిలో నా వంతొచ్చింది. అబ్బో, నా టెక్కు చూడాలి! ఆదివారం మధ్యాహ్నం సాంబారు గరిటె పట్టాను. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. మేం మొదటి బంతిలోనే ఉన్నాంగా!" అంటూ నా జట్టు కన్నుకొట్టింది. ఇంకేం, అడుగంటా తిప్పి మునక్కాడ ముక్కలన్నీ వాళ్ళకే వేశాను. కడబంతిలో ఆరో తరగతి పిల్లలు. అక్కడికొచ్చేసరికి మిగిలింది చారునీళ్ళే. తలెత్తితే ఆ పిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని మేడం!

ఆవిడ కంచంలోనూ ఆ నీళ్ళే పోశాను. ఆవిడ అవే కలుపుకుని తినేశారు. పక్కనున్న పిల్ల, "మాకెప్పుడూ ఇంతేనండి," అంది ఆవిడతో.

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం ఆవిడ గదికెళ్ళి, "నావల్ల కాదండి, నన్ను తీసేయండి మేడం," అని ఏడ్చాను.

"ఇంకా ఆరు రోజులున్నాయిగా, ఎక్కడికి పోతావు?" అన్నారు. "ఇవాళ దిగిపోతే ఆ పిల్లలకి జన్మంతా నువ్విలాగే గుర్తుంటావమ్మా."

మర్నాటి నుంచి వడ్డన కడబంతితోనే మొదలెట్టాను. నా జట్టు మూతి ముడుచుకుని రెండు రోజులు మాట్లాడలేదు. పోనీలే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చిన్నపిల్లల కంచాల్లో ముక్కలు చూస్తుంటే నాకే కడుపు నిండినట్టుండేది.

శనివారం అందరూ తిని లేచారు. లీడరు ఆఖర్న ఒక్కతే తినాలి, అది అక్కడి పద్ధతి. ఖాళీ హాల్లో కంచం ముందేసుకున్నాను. చూస్తే మేడం లేవలేదు. ఆవిడ తినడం ఎప్పుడో అయిపోయింది, ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది.

"బంతిలో ఒకళ్ళు తింటుంటే లేవకూడదమ్మా. నిదానంగా తిను," అన్నారు.

కాలవ మీది ఎండ కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద అలలు అలలుగా కదులుతోంది. నా ఆకలి తీరిపోయింది. అయినా పెరుగన్నం మెతుకు మెతుకుగా తింటూ కూర్చున్నాను, ఆఖరి ముద్ద అయిపోతే ఆవిడ లేచి వెళ్ళిపోతారని.