మన చెట్టు, వాళ్ల కాయ

మా పెదనాన్నగారు పోయి పన్నెండు రోజులైంది. నిన్న పెద్దకర్మ కూడా అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. వాకిట్లో టెంటు విప్పుతున్న చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. ఒంట్లో ఓపిక లేదు.

మా నాన్న ఉద్యోగం చింతలపూడిలో. నన్ను చిన్నప్పుడే నూజివీడు దగ్గర పెదనాన్నగారింట్లో ఉంచి చదివించారు. ముఖం నాన్నది, బుద్ధులు పెదనాన్నవి అంటారు నన్ను చూసినవాళ్లు.

మా మామిడితోటని ఏటా పూత మీదే వ్యాపారికి అమ్మేసేవాళ్లం. అమ్మాక కోతలయ్యేదాకా కాయ ఆయనదే. అలా అమ్ముకున్నవాళ్లు కూడా ఇంట్లోకి నాలుగు కాయలు కోసుకోవడం మామూలే. పెదనాన్న మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆవకాయకి కూడా బజారులో కొనాల్సిందే. "తోట పెట్టుకుని మామిడికాయలు కొనుక్కునే మొనగాడు నూజివీడు మొత్తానికి ఈయనొక్కడే" అని పెద్దమ్మ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఎనిమిదేళ్లప్పుడు, గాలికి రాలిన రసం కాయ ఒకటి చొక్కాలో దాచుకుని తెచ్చాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని తోటలో వ్యాపారి పాక దగ్గరికి తీసుకెళ్లారు.

"మావాడు మీ కాయ తెచ్చాడండీ."

మా చెట్టు కిందే నిలబడి "మీ కాయ" అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

"అయ్యో, పిల్లాడండీ! తిననివ్వండి," అన్నాడు వ్యాపారి.

"మీరిస్తే తింటాడు."

ఆయన ఇచ్చాడు. తిరిగొస్తుంటే, "తీసుకున్నాక చెప్పడం అడగడం కాదు నాన్నా," అన్నారు పెదనాన్న.

ఆ బుద్ధి నన్ను వదల్లేదు. ఆఫీసులో పక్క టేబుల్ మీది పెన్ను కావాలన్నా మనిషి వచ్చేదాకా ఆగుతాను. అందరూ నవ్వుతారు. నిజం చెప్పాలంటే నాకే విసుగొస్తుంది. కానీ నన్ను నమ్మి ఇంటి తాళాలు చేతికిచ్చేవాళ్లున్నారంటే అది ఆయన చలవే.

చివరి రోజుల్లో ఆయనకి అన్నం సయించలేదు. "నోరంతా చేదుగా ఉందిరా. బావి పక్క చెట్టు కాయ ఓ ముక్క ఉప్పద్ది పెట్టు," అన్నారు. బజారు కాయ పెడితే కొరికి తీసేశారు.

"ఇది కాదురా."

తోటకి వెళ్లాను. ఈ ఏడు కూడా అమ్మేశాం. కాపలా మనిషి లేడు. వ్యాపారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. కాయలు నా తలకి తగులుతున్నాయి. చెయ్యెత్తాను, మళ్లీ దించేశాను. చాలాసేపు అక్కడే నిలబడి, వచ్చేశాను.

"ఆయన ఫోన్ తియ్యట్లేదు పెదనాన్నా. సాయంత్రం మళ్లీ చేస్తాను," అన్నాను మంచం దగ్గర కూర్చుని. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

"ఒక్క కాయేగా రా," అన్నారు.

మందలించారో, ఆటపట్టించారో తెలియలేదు. సాయంత్రం కాకుండానే వెళ్లిపోయారు. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ నా ఉత్త చేతుల వైపు చూసిన చూపే ఇంకా కళ్లముందుంది.