చెరువు గట్టు మీద కోరం

మా సంఘానికి బిషప్పు లేడు. ఈ మాట చెబితే ఏలూరులో నాకు తెలిసినవాళ్లు చాలామంది నమ్మరు. ప్రెస్బిటేరియన్ గుళ్లలో ఏ ఒక్కరి మాటా చెల్లదు. సభ్యులు ఎన్నుకున్న పెద్దలూ పాస్టరుగారూ కలిసి కూర్చుంటే దాన్ని సెషన్ అంటారు. గోడకు సున్నం దగ్గర్నుంచి పిల్లల బాప్తిస్మం దాకా అన్నీ అక్కడ తేలాలి. సెషన్ పైన ప్రెస్బిటరీ ఉంది. అదీ ఒక మనిషి కాదు, చుట్టుపక్కల సంఘాల పాస్టర్లూ పెద్దలూ కూడిన సభ. ఒక్కరి చేతికి పెత్తనం పోకూడదని ఇంత ఏర్పాటు. కొల్లేటికోటకు ఇవతలున్న మా ఊళ్లో మాత్రం ఆ పెత్తనం మా మావయ్య చేతిలో ఉండేది.

మావయ్య మా అమ్మకు తమ్ముడు, పెద్దల్లో ఒకరు, సెషన్ క్లార్కు కూడా. సభ్యుల జాబితా, రూల్ బుక్కు, మినిట్సు పుస్తకం ఆయన పెట్టెలో ఉండేవి. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. రూలు ఎక్కడ వంగుతుందో తెలిసిన మనిషి. నేను ఏడో తరగతితో బడి మానేసి చేపల చెరువుల మీద లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. సమావేశమంటే తలలు లెక్కపెట్టే పని నాదే. ఎంతమంది వచ్చారన్నదానికి మావయ్య నా మాట తప్ప ఇంకొకరిది వినేవారు కాదు.

ఆ ఏడాది ముగ్గురు పెద్దల్లో ఒకాయన కాపురం తాడేపల్లిగూడేనికి మార్చేశారు. ఖాళీని వార్షిక సమావేశంలో నింపండి, లేదంటే ఏలూరు సంఘం నుంచి ఒక పెద్దను మేమే వేస్తాం అని ప్రెస్బిటరీ ఉత్తరం రాసింది. నిలబడింది ఒక్క మనిషే. చెరువు పట్టుబడి రోజున, అంటే వల వేసి చేపలు పట్టే రోజున, గట్టు మీద వాటిని సైజుల వారీగా ఏరే ఆవిడ. యాభై దాటిన ఆ మనిషిని ఊరంతా అక్కా అనే పిలుస్తాం.

ప్రభు బల్ల ఆరాధన రోజున ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసుల్ని ట్రేలో పెట్టి వరసలకు అందించేది పెద్దలు. ఆ నలభై గ్లాసుల్నీ తర్వాత కడిగేది అక్క.

"ఇరవై ఏళ్ల నుంచీ కడుగుతున్నానండీ. ఒక్కసారి మొయ్యాలని ఉండదా నాకు?" అని మావయ్యనే అడిగింది.

"ఆడవాళ్లు పెద్దలవకూడదని రూల్ బుక్కులో లేదమ్మా. అవుతారని మన ఊళ్లో లేదు," అన్నారాయన.

మా జాబితాలో పూర్తి సభ్యులు అరవై ముగ్గురు. ఎన్నిక చెల్లాలంటే మూడోవంతు, అంటే ఇరవై ఒక్కమంది హాజరుండాలి. అదే కోరం. సరిగ్గా ఆ ఆదివారమే పెద్ద చెరువు పట్టుబడి వచ్చిపడింది. ఐసు లారీ తెల్లారేసరికి వచ్చి నిలబడింది. మావయ్య మోకాలు నొప్పని కబురు పంపారు.

గుళ్లో నాతో కలిపి పదముగ్గురం. చెరువులో వల లాగుతున్న సభ్యులు ఆరుగురు, గట్టు మీద అక్క. మావయ్య కూడా ఇంట్లో కూర్చుని ఇదే లెక్క వేసుకుని ఉంటారు. తాడేపల్లిగూడెం నుంచి బండి మీద వచ్చే పాస్టరుగారు పుస్తకం తిరగేశారు. సమావేశం తేదీ, సమయం రెండు ఆదివారాలు ముందే ప్రకటించాలని ఉంది కానీ చోటు గురించి ఏమీ లేదు. పదండి గట్టు మీదికి అన్నారు.

అక్కడికి వెళ్లి ఇరవై ఒకటి లెక్క తేల్చి సంబరపడ్డాను.

"నన్ను కలిపారా?" అన్నారు పాస్టరుగారు.

"కలిపానండీ."

"తీసెయ్యండి. పాస్టరు సభ్యత్వం ప్రెస్బిటరీలో ఉంటుంది, సంఘంలో కాదు. నేను సభ నడుపుతానంతే."

ఇరవై. అక్క తల ఎత్తలేదు, శీలావతి చేపల్ని ఏరుతూనే ఉంది. చేతులు మాత్రం నెమ్మదించాయి. చెరువు రైతు, ద్వారకా తిరుమల వెంకన్న భక్తుడు, "నా గట్టు మీద జరుగుతోంది కదా, నన్ను కలుపుకోండి," అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేవాళ్లం.

నేను కాస్త ఎడంగా వెళ్లి మావయ్యకు ఫోన్ చేశాను.

"సమావేశం గట్టు మీద పెడుతున్నారండీ."

"పెట్టుకోనీరా. ఎంతమంది?"

"ఇరవై."

"మరింకేం? ప్రార్థన చేసుకుని ఇళ్లకు వెళ్లండి."

"మినిట్సు రాసే మనిషి లేడు మావయ్యా. ఐసు లారీ బిల్లు వెనకాల నన్ను రాసెయ్యమంటున్నారు."

అలా ఎవరూ అనలేదు. అది నా సొంత కల్పన. ఫోన్ కట్టయింది. నడవలేనన్న మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చారు, చంకలో మినిట్సు పుస్తకంతో.

"ఇది చెల్లదు," అన్నారు దిగుతూనే. "ఇరవై మందే ఉన్నారు. నా అభ్యంతరం రాసుకోండి."

"సమావేశానికి హాజరైన సభ్యుడి అభ్యంతరమే రాస్తామండీ," అన్నారు పాస్టరుగారు. "మరి మీరు హాజరేనా?"

మావయ్య నా వైపు తిరిగారు. నేను మొదటి నుంచీ వేలితో లెక్కపెట్టి, చివరి వేలు ఆయన దగ్గర ఆపాను.

"ఇరవై ఒకటండీ."

"నువ్వే పిలిచావు కదరా."

"మీరే వచ్చారు కదండీ."

పుస్తకం ప్రకారం ఒకసారి లెక్కలో పడ్డాక మనిషి వెళ్లిపోయినా కోరం చెడదు, అభ్యంతరం మాత్రం మినిట్సులోకి ఎక్కదు. పైగా ఆ పుస్తకం ఇంకొకరి చేతివ్రాతతో నిండుతుంది. ఆయన ఐసు పెట్టె మీద కూర్చుని కలం తీశారు.

పాస్టరుగారు చేతులెత్తమన్నారు. నీళ్లలో ఉన్నవాళ్లు ఒక చెయ్యి వల మీద ఉంచి రెండోది ఎత్తారు. ఆ సందులో నాలుగు బొచ్చె చేపలు జారిపోయాయని రైతు ఇప్పటికీ అంటాడు. అనుకూలం పందొమ్మిది, వ్యతిరేకం ఒకటి. ఒకాయన వల మూల వదల్లేక చెయ్యి ఎత్తనే లేదు. ఆయన్ని తటస్థం అని రాశారు మావయ్య. తన అభ్యంతరాన్ని ఐదు వాక్యాల్లో, దస్తూరి చెడకుండా రాసుకున్నారు.

తర్వాతి ప్రభు బల్లకు అక్క తెల్లచీర కట్టి ట్రే మోసింది. ముప్పై కేజీల చేపల ట్రేలు ఎత్తే చేతులతో ఆ చిన్న ట్రేని వరస వరసకూ అందించింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఆరాధన అయ్యాక గ్లాసులన్నీ వెనకగదిలో బల్ల మీదికి చేరాయి. అలవాటు కొద్దీ అందరూ అక్కవైపు చూశారు.

"ఏవండీ," అంది అక్క మావయ్యతో, "ఇవి ఎవరు కడగాలో పుస్తకంలో ఉందా?"

మావయ్య నిజంగానే వెతికారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా, మధ్యలో కళ్లజోడు తుడుచుకుని మరీ.

"లేదమ్మా," అన్నారు చివరికి. "రాయనివన్నీ సెషన్ పనులే."

"సెషనంటే మనమే కదండీ."

ఆయన చొక్కా చేతులు మడిచారు. ఆవిడ తుడిచింది, ఆయన కడిగారు. నేను బయటి నుంచి గ్లాసులు లెక్కపెట్టాను. నలభైలో రెండు ఆయన చేతిలో పగిలాయి. ఆయన రాసిన మినిట్సులో మాత్రం ఒకటని ఉంది.