పుట్టింటి చీరకు అమ్మ చెప్పిన వయసు

నాకు అరవై ఎప్పుడు నిండుతాయా అని ఎదురుచూసే మనిషిని నేను. నవ్వకండి. సిద్దిపేటలో ఏ మందుల దుకాణం పెద్దవాళ్లకు ధర తగ్గిస్తుందో, ఏ సూపర్ మార్కెట్ వారంలో ఏ రోజు వాళ్లకోసం ఆఫర్ పెడుతుందో నన్నడగండి, నిద్రలో లేపినా చెబుతాను. కానీ మా ఇంట్లో అరవై దాటింది అమ్మ ఒక్కతే. ఆమేమో మోకాళ్ల నొప్పులని గడప దాటదు. ఇంత విద్యా వృథాగా పోతోందని నాకు ఒకటే బాధ.

కిందటి బతుకమ్మ ముందు కూరగాయల మార్కెట్ దగ్గర కొత్త బట్టల దుకాణం తెరిచారు. ముందర పెద్ద బోర్డు పెట్టారు. అరవై దాటినవాళ్లు స్వయంగా వచ్చి కొనుక్కుంటే ప్రత్యేక తగ్గింపు అట! కూరగాయల సంచీతోనే దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"నేనెందుకే" అంటుందనుకున్నాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

ఎందుకో నాకు తెలుసు. నేను ఒక్కతే కూతుర్ని. నాయిన పోయాక అమ్మ నంగునూరు నుంచి నా దగ్గరికే వచ్చేసింది. బిడ్డ ఇంట్లో తింటున్నానన్న నామోషీ ఆమెకు పోలేదు. బతుకమ్మకు ఆడపిల్లకు పుట్టింటి చీర రావాలి కదా. పుట్టిల్లే వచ్చి నా ఇంట్లో ఉంటే చీర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని నేనే ఒకటి కొనుక్కొచ్చి అమ్మ చేత పెట్టించుకునేదాన్ని. ఆ చీర ఇచ్చేటప్పుడు అమ్మ నా ముఖంలోకి చూసేది కాదు.

"ఈసారి నా పింఛన్ పైసలతోని కొంట. నువ్వు ఒక్క రూపాయి కలిపినా ఊకోను" అంది.

దుకాణంలో అమ్మ హడావుడి చూడాలి! మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో తెలియదు. "గది కాదు, గాడ మీదున్నది తియ్యి బిడ్డా" అంటూ అరలన్నీ దింపించింది. చివరికి ఎర్ర అంచున్న ఆకుపచ్చ చీర ఒడిలో వేసుకుని ఇంక వదల్లేదు. ధర చూశాను. తగ్గింపు వస్తే అమ్మ కొంగుముడిలోని డబ్బు సరిపోతుంది, రాకపోతే చాలదు. సంబరంతో నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి అడిగింది. "అమ్మమ్మా, నీ వయసెంత? కంప్యూటర్ల ఎక్కియ్యాలె."

అమ్మ బిగుసుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వయసు పైకి చెబితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ నమ్మకం. దవాఖానలో డాక్టరు అడిగినా "నువ్వే చూసి రాస్కో" అనే మనిషి. ఇన్ని ఆఫర్ల సంగతులు తెలిసిన నేను ఆ సంగతే మరిచిపోయాను.

"యాభై" అంది అమ్మ.

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "మరి నీకెంత ఆంటీ?"

"యాభై ఏడు" అని నోరు జారాను. వెనకాల లైను మొత్తం గొల్లుమంది.

"అరవై దాటితేనే తగ్గుతది అమ్మమ్మా. నువ్వు నిజం చెప్పకుంటె నేనెట్ల రాయాలె?" అందా పిల్ల నవ్వాపుకుంటూ.

ఇక లాభం లేదని మెల్లగా పర్సు తీశాను. అమ్మ నా చేయి పట్టుకుంది.

"లోపల పెట్టు. నీ పైసలు కలిస్తే గది పుట్టింటి చీర ఎట్లయితదే?"

కాసేపు చీర అంచు నిమిరింది. తర్వాత కౌంటర్ మీదికి వంగి, దుకాణమంతా వినబడేలా చెప్పింది.

"ఎనభై ఒకటి. రాస్కో బిడ్డా."

తగ్గింపు వచ్చింది. అమ్మ కొంగుముడి విప్పి డబ్బు తనే కట్టింది. నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. ఆటో ఎక్కాక ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు చెప్పినవే అమ్మా? ఆయుష్షు తక్కువైతదంటవ్ గదా."

అమ్మ కవరులోంచి చీర తీసి నా ఒళ్లో పెట్టింది. ఈసారి నా ముఖంలోకి నేరుగా చూసింది.

"వచ్చే బతుకమ్మకు ఎనభై రెండని చెప్త. అప్పటిదాంక గా బోర్డు తియ్యొద్దని ఆ పిల్లకు చెప్పిరా."